మంత్రిగారు ముట్టుకున్న డిష్

ఇకమీదట దేశంలో ఎవరి శరీరభాగమూ పాతబడదని మా ఆరోగ్య మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. పన్నెండు నిమిషాల ప్రసంగంలో తొమ్మిదిసార్లు చప్పట్లు పడ్డాయి. వేదిక దిగాక ఆయన నా భుజం తట్టి, "ఏమయ్యా, ఇవన్నీ నిజంగా అవుతాయా?" అని మెల్లగా అడిగారు. ఎందుకంటే ఆ ప్రసంగం రాసింది నేను.

ఆరోగ్యశాఖ ప్రెస్ సెక్షన్‌లో నాది ఇరవై మూడేళ్ళ సర్వీసు. మూలకణాల గురించి నాకు తెలిసిందల్లా ఆ మాటలో 'ళ' రాకూడదని మాత్రమే. అందుకే రాయబోయేముందు మూలకణ పరిశోధన కేంద్రానికి ఫోన్ చేశాను. అక్కడి డైరెక్టర్ మేడమ్ నలభై నిమిషాలు ఓపిగ్గా చెప్పారు. ఏ అవయవపు కణంగానైనా మారగల కణాలు కొన్ని ఉంటాయట. వాటిని కంటి వెనక పొర కణాలుగా మార్చి పెంచుతున్నారట. ఎలుకల్లో కొంత ఫలితం కనిపించిందట. మనుషుల్లో రావచ్చు, రాకపోనూ వచ్చునట. అంతా శ్రద్ధగా రాసుకున్నాను. తర్వాత వాక్యం నడక కుంటుతోందని 'రావచ్చు, రాకపోనూ వచ్చు' తీసేశాను. మంత్రిగారి హోదాకు తగవని ఎలుకల్నీ తీసేశాను. మిగిలింది చదివితే నాకే ఒళ్ళు పులకరించింది.

మరుసటి వారం మంత్రిగారు ఆ కేంద్రాన్ని ప్రారంభించారు. అది ఎనిమిదేళ్ళుగా నడుస్తూనే ఉంది గానీ, ప్రారంభం కాలేదు. మేడమ్ ఆయన్ని మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టారు.

"ఏవమ్మా కణాలు?"

"అవేనండి. తేనెపట్టు గదుల్లా కనిపిస్తున్నాయి చూడండి."

"ఇంత చిన్నవైతే జనానికేం కనిపిస్తాయి? కాస్త పెద్దవి పెంచలేరా?"

"అవి అంతే ఉంటాయండి."

"స్టాఫ్ తక్కువా?"

"కాదండి. అవి కణాలు."

మైక్రోస్కోపులో చూస్తుంటే మంత్రిగారి ముఖం పడటం లేదని ఫొటోగ్రాఫర్ అన్నాడు. పక్కనే కణాలను ఒంటి వేడిలో ఉంచే పెట్టె ఉంది. దాని తలుపు బార్లా తెరిపించమని సలహా ఇచ్చింది నేనే. మంత్రిగారు ఒక గాజు డిష్ బయటికి తీసి, మూత ఎత్తి, ముఖం దగ్గరగా పట్టుకున్నారు.

"మూత తీయకూడదండి, గాలి తగిలితే పాడవుతాయి," అన్నారు మేడమ్.

"నా చేతిలో ఉన్నాయి కదమ్మా, ఏం కాదు," అని మంత్రిగారు కణాలకు అభయమిచ్చారు. ఆరు నిమిషాలు వాటి మీదుగా మాట్లాడారు. మధ్యలో ఒకసారి తుమ్మారు.

మూడు రోజుల తర్వాత మేడమ్ ఫోన్ చేశారు.

"పెట్టెలో డిష్‌లన్నిటికీ బూజు పట్టిందండి. నాలుగు నెలల పని."

"మంత్రిగారు పట్టుకున్న డిష్‌లో కూడానా?"

"అందులోనే మొదలైంది. బ్రహ్మాండంగా పెరుగుతోంది," అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

'మంత్రిగారు ముట్టుకున్న డిష్‌లో మూడు రోజుల్లోనే బ్రహ్మాండమైన పెరుగుదల' అని ఆ సాయంత్రమే ప్రెస్ నోట్ పంపాను. అందులో ఒక్క అబద్ధమూ లేకుండా రాయగలిగినందుకు ఇంటికి వెళ్ళేదాకా ఈల వేసుకుంటూ నడిచాను. పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి.

రెండు నెలలు గడిచాక, ఒక ఆదివారం మా అక్క, బావ ఇంటికొచ్చారు. బావ గడియారాలు బాగుచేస్తాడు. మూడేళ్ళుగా ఆయన కంటి వెనక పొర దెబ్బతింటోంది. ఎదుటివాళ్ళ ముఖం మధ్యలో నల్లమచ్చ కనిపిస్తుంది. నెలనెలా కంట్లో ఇంజెక్షన్ చేయించుకుంటూ, ఉన్న చూపును కాపాడుకుంటున్నాడు. ఆ సూదంటే ఆయనకు చచ్చేంత భయం.

"రెండు నెలలుగా మానేశాడురా," అంది అక్క.

"ఎందుకు బావా?"

"కొత్త కణాలు వస్తుంటే పాత కంటికి రిపేర్లు దేనికోయ్? నువ్వే రాశావుగా," అని బావ నా వైపుకి నవ్వాడు. ఆ నవ్వు నా చెవి పక్కనుంచి వెళ్ళింది. మచ్చ ఎంత పెరిగిందో అప్పుడర్థమైంది.

మర్నాడు ఆయన్ని మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాను. నిజం చెప్పడానికి నాకు నోరు రాక, ఆవిడ చేత చెప్పిద్దామని నా ఎత్తు.

"కణాలు పెంచడం ఒక్కటే కాదండి," అన్నారు మేడమ్. "కంట్లో పెట్టాక బతకాలి, సరైన చోట అతుక్కోవాలి, గడ్డలుగా మారకూడదు. మొదట పన్నెండు మందికే పెట్టి, ఏళ్ళ తరబడి చూడాలి. మేం అక్కడికింకా రాలేదు. మీరు ఇప్పుడే కంటాసుపత్రికి వెళ్ళి ఇంజెక్షన్ చేయించుకోండి."

"మరి పేపర్లో వచ్చిందమ్మా?"

"ఆ రాతలు ఎవరు రాస్తున్నారో గానీ, మనిషన్నవాడు రాయాల్సినవి కావు."

"మా బావమరిదేనండి," అన్నాడు బావ గర్వంగా.

మేడమ్ నా వైపు చూశారు. నేను గోడమీద మంటలార్పే సిలిండర్ వాడే విధానం మొత్తం చదివాను. ఐదు సూచనలున్నాయి.

కంటాసుపత్రి డాక్టరు పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలింది కాపాడుకుందామనీ చెప్పి ఇంజెక్షన్ చేశాడు. తిరుగు ప్రయాణంలో బావ కంటికి పట్టీతో నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. చిన్న ముళ్ళ గడియారాలు ఇక తన వల్ల కావన్నాడు. చివరి మెట్టు దిగాక, "అయినా ఎంత బాగా రాశావోయ్. మీ అక్క చేత రెండుసార్లు చదివించుకున్నాను," అన్నాడు. ఇరవై మూడేళ్ళలో నా రాతను మెచ్చుకున్న పాఠకుడు ఆయనొక్కడే. ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

మర్నాడు ఆఫీసులో తలుపు వేసుకుని మరో నోట్ రాశాను. డిష్‌లో పెరిగింది బూజు. వైద్యం ఇంకా సిద్ధం కాలేదు. ఎవరూ ఇప్పుడున్న మందులు మానొద్దు. 'రావచ్చు, రాకపోనూ వచ్చు' కూడా రాశాను. ఎలుకల్ని రెండుచోట్ల పెట్టాను. ఉద్యోగం పోయినా ఫరవాలేదనుకుని, నేరుగా మంత్రిగారికిచ్చాను.

ఆయన రెండుసార్లు చదివారు.

"ఇదంతా నీకెలా తెలుసయ్యా?"

"మేడమ్ చెప్పారండి. నేను అర్థం చేసుకున్నాను."

"నాకూ అర్థమైంది. ఎనిమిదేళ్ళుగా ఆవిడ చెబుతోంది, ఒక్క ముక్క తలకెక్కలేదు." మంత్రిగారు నోట్‌ని మడిచి సొరుగులో పెట్టారు. "ఇంత సబ్జెక్టున్న మనిషిని ప్రెస్ సెక్షన్‌లో కూర్చోబెట్టడం మా తప్పే."

సాయంత్రానికి రెండు ఆర్డర్లు వచ్చాయి. మేడమ్‌ని దోమల నివారణ విభాగానికి బదిలీ చేశారు. ఆ నోట్ ఏ పేపర్లోనూ రాలేదు. నేను అడగలేదు. అప్పటికి రెండో ఆర్డరు చదువుకుంటున్నాను.

సోమవారం పరిశోధన కేంద్రంలో డైరెక్టరుగా చార్జి తీసుకున్నాను. గది తలుపు మీద నా పేరు రాస్తున్న పెయింటర్, కుంచె ఆపి, పేరుకి ముందు 'డాక్టర్' అని పెట్టాలా అని అడిగాడు.

జాగా ఉంటే పెట్టమన్నాను.