లానీ హాస్కెట్ అధికారిక ఎత్తు

మనిషి ఎత్తు దేవుడిచ్చేదన్న పాత నమ్మకం ఆ వేసవిలో అయోవాలో అధికారికంగా రద్దయింది. ఇకపై దాన్ని నిర్ణయించేది బేస్‌బాల్ లీగ్ వారి ఎత్తుల నిర్ధారణ విభాగం. (ఇదివరకే ఎదిగిపోయినవాళ్ళకు కూడా ఈ నిబంధన వర్తిస్తుందా అని కొందరు అడిగారు. వర్తిస్తుంది.)

దీనికంతటికీ కారణం కెమెరాలు. విసిరిన బంతి బ్యాటర్ మోకాళ్ళకూ నడుముకూ మధ్యగా వెళ్ళిందా లేదా అన్నది ఇన్నాళ్ళూ అంపైరు కళ్ళతో చూసి చెప్పేవాడు. జనం ఆయన్ని తిట్టేవారు. ఏర్పాటు చక్కగా సాగుతుండేది. ఇప్పుడు మైదానం చుట్టూ కెమెరాలు బిగించారు. అంపైరు మాట నచ్చని ఆటగాడు తన తల మీద తట్టుకుంటే చాలు, ఆపైన కెమెరా చెప్పిందే ఖాయం. అయితే మోకాలెక్కడుందో నడుమెక్కడుందో కెమెరా చూడదు. మనిషి ఎత్తు చెబితే దాన్నిబట్టి గాలిలో ఒక గడి గీసుకుంటుంది. ఆ గడిలోంచి పోయే బంతిని కొట్టకుండా వదిలేస్తే బ్యాటర్‌కు నష్టం. ఎత్తు తగ్గితే గడీ తగ్గుతుంది, అతనికి ప్రాణం హాయిగా ఉంటుంది.

ఇంకేముంది, బెల్‌ఫోర్డ్ ఊరి జట్టంతా రాత్రికి రాత్రి పొట్టిదైపోయింది. నిన్నటిదాకా బూట్లలో అట్టముక్కలు పెట్టుకుని కొలతకు నిలబడ్డవాళ్ళే ఇవాళ మెడలు భుజాల్లోకి లాక్కుని వచ్చారు. కొలిచే అధికారి ఒటీలీ ఫెన్‌స్కీ, ఆ ఊరి బడిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"మోకాళ్ళు సరిగ్గా నిలబెట్టు నాయనా. మీరంతా నా కళ్ళముందు ఎదిగినవాళ్ళే. మళ్ళీ నా కళ్ళముందే తరుగుతారేంటి?" అంటూ ఆవిడ ఒక్కొక్కణ్ణీ గోడకు నిలబెట్టింది.

లానీ హాస్కెట్ ఒక్కడే వంగలేదు. అతనికి తరగడానికి నాలుగంగుళాలు ముందే సిద్ధంగా ఉన్నాయి. జట్టు పుస్తకంలో అతని ఎత్తు ఆరడుగులు. ఒంటిమీద అయిదడుగుల ఎనిమిదంగుళాలు. జట్టులో చేరినప్పుడు వాళ్ళ నాన్న మెర్విన్ అలా రాయించాడు. అచ్చులో ఉంది కాబట్టి అందరూ నమ్మారు. (ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి తెలుసుకునే అలవాటు ఈ కాలంలో ఎవరికీ లేదు.)

"మేడమ్, ఇది బయటికి పొక్కదు కదా?" అన్నాడు లానీ.

"నాకూ కెమెరాకూ మధ్యే ఉంటుంది. జట్టువాళ్ళకు కూడా చెప్పం. వ్యక్తిగత గోప్యత." ఆవిడ టేపు చుట్టింది. "నువ్వు తల తట్టుకుంటే మాత్రం అంగుళాలతో సహా పెద్ద తెర మీద వేస్తాం. పారదర్శకత."

ఆ వేసవంతా లానీ తల తట్టుకోలేదు. బంతి గడ్డం పక్కనుంచి పోయినా సరే, అంపైరు అవుటంటే మారుమాట లేకుండా వెళ్ళి కూర్చునేవాడు. ఎంత సంస్కారమో అని ఊరి పేపరు మెచ్చుకుంది. మేనేజర్ డ్వేన్ ప్రూట్ మెచ్చుకోలేదు.

"ఏమోయ్, ఆ తలేమన్నా అద్దెకు తెచ్చుకున్నావా? ఓ తట్టు తడితే అరిగిపోతుందా? ఇవాళ కూడా గుడ్లప్పగించి అవుటయ్యావో, రేపు జట్టు బస్సులో నీకు సీటుండదు."

ఆ సాయంత్రం ఆట చివరిదాకా సమానంగా నడిచి లానీ దగ్గరికొచ్చి ఆగింది. మిగిలింది ఒక్క బంతి. అది గడి బయటినుంచి పోతే జట్టు గెలుపు, లోపలినుంచి పోతే లానీ అవుటు. కంచె వెనక మెర్విన్ హాట్‌డాగ్ తింటూ పక్కనున్న విత్తనాల కొట్టు గస్‌తో అంటున్నాడు:

"మావాడు ఆరడుగులోయ్. మా వంశంలో అందరం అంతే." (ఈ మాట ఆయనెప్పుడూ కూర్చునే చెప్పేవాడు.)

బంతి నడుం ఎత్తున వచ్చింది. లానీ వదిలేశాడు. అంపైరు "స్ట్రైక్!" అని అరిచాడు. అంటే బంతి గడి లోపలే, లానీ అవుటు.

లానీ ఒకసారి తండ్రి వైపు చూశాడు. ఒకసారి మైదానం బయట ఆగి ఉన్న బస్సు వైపు చూశాడు. తల తట్టుకున్నాడు.

తెర వెలిగింది. బంతి గడికి వెంట్రుకవాసి పైన ఉంది. ఆరడుగులవాడైతే అవుటే. ఎందుక్కాలేదో పక్కనే పెద్దపెద్ద అక్షరాలతో రాసి ఉంది: లానీ హాస్కెట్, అయిదడుగుల ఎనిమిదంగుళాలు.

జట్టు గెలిచింది. గస్ కళ్ళు నులుముకుని మళ్ళీ చదివాడు.

"ఏం మెర్విన్, మీవాణ్ణి వేణ్ణీళ్ళలో గానీ ఉతికారా?"

"వాళ్ళమ్మ తరఫు పోలికలే," అన్నాడు మెర్విన్.

ప్రూట్ పరుగెత్తుకొచ్చి లానీని కావలించుకున్నాడు. కావలించుకోవడానికి తాను వంగవలసి వస్తోందని ఆయన మొదటిసారి గమనించాడు. ఆటగాళ్ళు స్నానాలు ముగించేలోపు వీళ్ళకు జీతాలిచ్చే పై స్థాయి జట్టు కార్యాలయం నుంచి ఫోనొచ్చింది.

"అయిదడుగుల పది లోపు వాళ్ళను ఉంచుకోరటయ్యా. నిబంధన," అన్నాడు ప్రూట్, నేల చూపులు చూస్తూ.

"మూడేళ్ళుగా నేను ఇంతే ఉన్నాను కదా, కోచ్?"

"ఉన్నావేమో. ఇవాళే కదా రుజువైంది."

ఆ ఆట గెలిపించిన ఇద్దరిలో కెమెరాను మాత్రం ఉంచుకున్నారు.