మా వదినకు దుప్పట్లు ఉతకడం నేర్పారు

మెంటరింగ్ కార్యక్రమాలను ఆడిపోసుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ప్రభుత్వ కాంట్రాక్టు ఎలా సంపాదించాలో పెద్ద కంపెనీలవాళ్ళు తమ విలువైన శనివారాలు పాడుచేసుకుని, పైసా పుచ్చుకోకుండా చిన్న వ్యాపారులకు నేర్పుతుంటే, ఇంకా ఏం కావాలండీ మీకు? కాంట్రాక్టా? అక్కడే వచ్చింది చిక్కు. మనవాళ్ళకు ఆశ మరీ ఎక్కువైపోయింది!

నమ్మకం కుదరకపోతే మా వదిన సంగతి వినండి.

వదినది లాండ్రీ. వీధి చివర రేకుల షెడ్డు, అందులో రెండు పెద్ద ఉతికే మెషిన్లు, ఒక ముసలి డ్రయ్యరు, ఇస్త్రీ బల్లలు, బల్లల వెనక నలుగురు ఆడవాళ్ళు, అందరిమీదా అరిచే అధికారం ఉన్న వదిన, ఎవరిమీదా అరిచే అధికారం లేని మా అన్నయ్య. అక్కడికి వచ్చే మూటల్లో ముప్పాతిక వంతు ప్రభుత్వాసుపత్రి దుప్పట్లే. ఏళ్ళ తరబడి వాటిని ఉతికి, ఆరబెట్టి, మడత నలక్కుండా పంపుతున్నది వదినే.

అయితే ఆ పని ఆసుపత్రి వదినకు ఇవ్వలేదు. ఒక పెద్ద కంపెనీకి ఇచ్చింది. ఆ కంపెనీ ఇంకో కంపెనీకి ఇచ్చింది. అది ఒక ఏజెంటుకు ఇచ్చింది. ఏజెంటు ఫోన్ చేస్తే వ్యాన్ నడిపే బాబాయి మూటలు తెచ్చి వదిన గుమ్మంలో పడేస్తాడు. డబ్బు కూడా అదే దారిలో, ప్రతి గుమ్మం దగ్గరా ఆగి మర్యాదలు అందుకుంటూ వస్తుంది. వదిన దాకా వచ్చేసరికి సబ్బుకు సరిపడా మిగులుతుంది.

ఈ మధ్య అదీ మిగలడం లేదు. ఈసారి ఆసుపత్రి టెండరు నేరుగా తన చేతికి రాకపోతే నలుగురిలో ఇద్దరిని మాన్పించక తప్పదు. ఏ ఇద్దరిని? ఆ ప్రశ్న గుర్తొస్తే చాలు, వదినకు తిండి సహించేది కాదు.

అందుకని టెండర్ల ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి అధికారి చాలా మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు కూడా.

"ప్రభుత్వ పని చేసిన అనుభవం ఉందామ్మా?"

"ఆసుపత్రి దుప్పట్లన్నీ నేనే ఉతుకుతానండి."

"మీరు ఉతికినట్టు రుజువేంటి?"

"ప్రతి దుప్పటి మీదా ఆసుపత్రి ముద్ర ఉంటుందండి."

"ఆ ముద్ర దుప్పటికి కదమ్మా. మీకు కాదుగా."

అనుభవం ఉంటేనే పని ఇస్తారట. పని చేస్తేనే అనుభవం వస్తుందట. ఇంత పకడ్బందీ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ వారికి దండం పెట్టాలి. వదిన గుడ్లప్పగించి చూస్తుంటే అధికారికే జాలేసి, ఆవిడను మెంటరింగ్‌లో చేర్పించాడు. ప్రభుత్వానికి మనసు లేదని ఇకమీదట ఎవరైనా అంటే నేను ఊరుకోను.

మెంటర్ గారు ఎవరనుకున్నారు? ఆసుపత్రి దుప్పట్ల కాంట్రాక్టు చేతిలో ఉన్న ఆ పెద్ద కంపెనీ మనిషే! తన కంపెనీకి పోటీ వచ్చేవాళ్ళను తన చేతులతో తనే తయారుచేస్తున్నాడు. ఇంతటి త్యాగం ఈ రోజుల్లో ఎక్కడైనా చూశారా?

"మీరేం చేస్తుంటారు?" అని మొదటి శనివారం ఆయన వదినను అడిగాడు.

"దుప్పట్లు ఉతుకుతానండి."

"తప్పు. మీరు రోగి విశ్రాంతికి భరోసా ఇస్తారు."

వదిన రాసుకుంది. పక్కన కూర్చున్న ఫినాయిల్ తయారుచేసే ఆయన కూడా, తనకేమైనా పనికొస్తుందేమోనని రాసుకున్నాడు. లిఫ్టులో పెద్ద అధికారి తగిలితే, దిగేలోపు మన వ్యాపారం గురించి చెప్పేయాలట. అదొక పాఠం. ఆ భవనంలో లిఫ్టు పనిచేయక అందరూ మెట్లమీద సాధన చేశారు. అందుకే ఇప్పటికీ వదిన తన వ్యాపారం గురించి చెబుతుంటే మధ్యమధ్యలో ఆయాసం వస్తుంది.

శనివారం శనివారం షెడ్డులో పని ఆగిపోయేది. అన్నయ్య ఇస్త్రీ పెట్టె పట్టుకుంటే ఆ నలుగురికీ ఆ పూట నవ్వడమే పని. పోతే పోయింది, వదిన మాత్రం భరోసా ఇవ్వడంలో ఆరితేరిపోయింది.

చివరి వారం క్షేత్ర సందర్శన. తమ కంపెనీ ఆధునిక లాండ్రీ ప్లాంటు చూపిస్తానని మెంటర్ గారు మాటిచ్చాడు. అదేరోజు షెడ్డుకు ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారని, కాస్త శుభ్రం చేసి పెట్టమని వ్యాన్ బాబాయి ముందుగానే కబురు తెచ్చాడు. "నాకు క్లాసుంది, మీరే చూసుకోండి" అని అన్నయ్యకు అప్పగించి, వదిన మంచి చీర కట్టుకుని బస్సెక్కింది.

బస్సు ఊరంతా తిరిగి, వదినకు బాగా తెలిసిన మలుపు తిరిగి, ఇంకా బాగా తెలిసిన రేకుల షెడ్డు ముందు ఆగింది. వదిన లాండ్రీ బోర్డు కనపడకుండా దానిమీద పెద్ద కంపెనీ బ్యానర్ కట్టి ఉంది. గుమ్మంలో అన్నయ్య చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరికన్నా చివర్న దిగిన ఆవిడను చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"నువ్వేంటి ఇక్కడ?"

"క్షేత్ర సందర్శన" అంది వదిన.

మెంటర్ గారు లోపలికి నడిచి అన్నీ వివరంగా చూపించాడు. ఇది ఉతికే మెషిను. ఇది డ్రయ్యరు. డ్రయ్యరు తలుపు ఊడిపోతుందేమోనని వదిన అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టబోతే, "ముట్టుకోకండమ్మా, తెలియనివాళ్ళకు ప్రమాదం" అని వారించాడు. ఇస్త్రీ బల్లల వెనక నలుగురూ తలలు వంచుకుని నవ్వు ఆపుకుంటున్నారు.

"సార్, ఇది నా లాండ్రీ" అంది వదిన.

మెంటర్ గారు ఏమాత్రం తడుముకోలేదు. "చూశారా, మీరు ఎప్పటినుంచో మా కుటుంబంలో మనిషే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గ్రూప్ ఫోటో దిగారు. ఆ ఫోటోలో వదిన తన షెడ్డుకు తనే చుట్టంలా ఒక మూల నిలబడి ఉంది.

తర్వాత వదిన టెండరు వేసింది, ఫలితమూ వచ్చింది. వదిన అర్హతల పరిశీలన దగ్గరే ఆగిపోయింది, అనుభవం లేనందువల్ల. పని మళ్ళీ పెద్ద కంపెనీకే. మెంటరింగ్ శ్రద్ధగా పూర్తిచేసినందుకు అభినందనలు మాత్రం విడిగా పంపారు. ఆ రోజంతా వదిన ఎవరిమీదా అరవలేదు. షెడ్డులో అందరికీ భయమేసింది.

మర్నాడు వ్యాన్ బాబాయి ఎప్పటిలాగే మూటలు దించబోయాడు.

"దించకు బాబాయ్. వెనక్కి తీసుకెళ్ళు."

"ఎక్కడికమ్మా?"

"అనుభవం ఉన్నవాళ్ళ దగ్గరికి."

అన్నయ్య ఆవిడను పక్కకు పిలిచాడు. "ఉన్న పని కూడా పోతుందేమోనే."

"పోతే అందరం కలిసి ఇంట్లో కూర్చుందాం. ఇద్దరిని మాత్రం నేను పంపను."

బాబాయి మూటలను ఏజెంటు ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కడ మెషిను లేదు. రెండో కంపెనీకి తీసుకెళితే అక్కడ ఒక బల్ల, ఒక ఫోను ఉన్నాయి. చివరికి పెద్ద కంపెనీ అద్దాల భవనానికి తీసుకెళ్ళి, రిసెప్షన్‌లో దింపాడు. ఆసుపత్రి మూటలు, అందులోనూ ఎండాకాలం! గంట తిరిగేసరికి రిసెప్షన్ ఖాళీ అయింది. ఆసుపత్రి నుంచి హెడ్ నర్సు, దుప్పట్లు ఎక్కడని ఫోన్ మీద ఫోన్ చేస్తోంది.

మధ్యాహ్నానికి మెంటర్ గారు స్వయంగా షెడ్డుకు వచ్చాడు. వెనకే వ్యాన్, వ్యాన్‌లో అవే మూటలు.

"కుటుంబంలో మనుషులు ఇలా చేస్తారామ్మా?"

"ఆ కుటుంబం మాటే కాగితం మీద రాసివ్వండి సార్. ఇన్నేళ్ళూ ఈ దుప్పట్లు నేనే ఉతికానని. వచ్చేసారి టెండరుకు పనికొస్తుంది."

"అలా రాస్తే మేం ఉతకలేదని తేలిపోదూ?"

ఎన్నో శనివారాలు పాఠం చెప్పిన మనిషి, నిజం చెప్పడం అదే మొదలు.

"అయితే మీరే ఉతకండి. నేను నేర్పుతాను. పైసా తీసుకోను" అని వదిన ఆయన చేతికి ఒక ఏప్రన్ ఇచ్చింది. "నెత్తుటి మరకలుంటే ముందు చన్నీళ్ళలో జాడించాలి. వేడినీళ్ళు పోశారో, మరక ఇక వదలదు."

అందుకే మొదట్నుంచీ చెబుతున్నాను, మెంటరింగ్‌ను ఆడిపోసుకోకండి. అది చాలా గొప్ప విషయం. ఎవరు ఎవరికి నేర్పాలన్నది ముందే చూసుకుంటే బోలెడు శనివారాలు కలిసొస్తాయి, అంతే.

మెంటర్ గారు ముక్కు బిగబట్టుకుని మొదటి మూట విప్పాడు. రెండో దుప్పటి పైకి తీసేసరికి కలం అడిగాడు. కాగితం మా అన్నయ్య ఎప్పుడో తెచ్చి పెట్టుకున్నాడు. ఆయన నిలబడే రాసి, సంతకం పెట్టి, ఏప్రన్ విప్పబోయాడు.

"మూట విప్పారు కదా సార్, అదొక్కటీ పూర్తిచేసి వెళ్ళండి" అంది వదిన.