మట్టి నుంచి రిలీవైన మొక్కలు

వ్యవసాయాన్ని మట్టి బానిసత్వం నుంచి విముక్తం చేస్తున్నట్టు ఉద్యానవన శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండున్నరకి ప్రకటించారు. పదకొండు ఇరవై తొమ్మిది దాకా అలాంటి బానిసత్వం ఒకటుందని ఎవరికీ తెలీదు. మంత్రిగారు వారం రోజులు విదేశాలు తిరిగి, గొట్టాల్లో పారే నీళ్ళలో వేళ్ళు ఆడించుకుంటూ హాయిగా బతుకుతున్న మొక్కల్ని కళ్ళారా చూసి వచ్చారు. చూసినదాన్ని మర్చిపోకుండా ఇంటిదాకా మోసుకొచ్చే మంత్రులు ఎందరుంటారు చెప్పండి?

కబురు ప్రభుత్వ నర్సరీకి మధ్యాహ్నానికి చేరింది. అప్పుడు తోట మేస్త్రి మూడు వందల పన్నెండు టమాటా మొక్కలకి ఊతకర్రలు కడుతున్నాడు. ముప్ఫై ఏళ్ళు మట్టి పిసికిన మనిషి. వాటిని గింజ దగ్గర్నుంచి తనే పెంచాడు. కన్నపిల్లల్ని కూడా అంత ముద్దు చేయలేదని భార్య దెప్పుతూ ఉండేది, అందులో అబద్ధమేమీ లేదు.

"ఏవయ్యా మేస్త్రీ, వీటన్నిటినీ నీళ్ళలోకి మార్చాలి. ప్రారంభోత్సవం రెండు నెలల్లో. ఒక్క మొక్క చచ్చినా నీ ఉద్యోగం ఊడుతుంది" అన్నారు డైరెక్టరుగారు.

"పూతకొచ్చిన మొక్కలు సార్. లేతవైతే మేలు. సరే, వీటినే అంటే మార్చొచ్చు. గోరువెచ్చటి నీళ్ళలో వేళ్ళకున్న మట్టి మెల్లగా కడగాలి. కడిగిన వెంటనే జాలీ కుండీల్లో పెట్టెయ్యాలి. నాలుగు రోజులు నీడలో ఉంచి, పలచగా ఎరువునీళ్ళు..."

"అదంతా నీ పని. ముందు పద్ధతి ప్రకారం ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు రావాలి."

డైరెక్టరుగారు పద్ధతికి ప్రాణమిచ్చే మనిషి. మొక్క ప్రభుత్వానిది. ప్రభుత్వానిది ఏదైనా ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి వెళ్ళాలంటే ఇక్కడ రిలీవ్ కావాలి, అక్కడ జాయిన్ కావాలి. మూడు వందల పన్నెండు మొక్కల మెడలో నంబరు బిళ్ళలు వేలాడాయి. మట్టి సెక్షన్ సూపరింటెండెంటు కళ్ళజోడు తుడుచుకుంటూ మూడు వందల పన్నెండు సంతకాలు పెట్టి, చివర చెయ్యి విదిలించుకున్నాడు. బుధవారం పొద్దున్నే మొక్కలన్నీ మట్టి నుంచి సగౌరవంగా రిలీవయ్యాయి.

మేస్త్రీ, అతని భార్యా పీచువేళ్ళు తెగకుండా ఒక్కొక్కటే కడిగి, తడి గోనెల మీద పరిచి, గొట్టాల షెడ్డుకి మోశారు. అక్కడ గుమాస్తా చెయ్యి అడ్డం పెట్టాడు.

"జాయినింగ్ ఎవరు తీసుకోవాలి? నీటి సెక్షన్‌కి ఇంకా ఆఫీసర్ని వెయ్యలేదు."

"ఎప్పుడు వేస్తారండీ?"

"ఫైలు కదిలింది."

"పోనీ మళ్ళీ మట్టిలో పెట్టుకోనా?"

"రిలీవైనవాళ్ళని మళ్ళీ ఎలా కూర్చోబెడతావయ్యా? రూల్సు తెలీవా?"

మధ్యాహ్నానికి ఆకులు వేలాడిపోయాయి. డైరెక్టరుగారు ఫైల్లో 'మొక్కలు ప్రయాణంలో ఉన్నవి' అని రాసి భోజనానికి వెళ్ళారు. మేస్త్రికి ఏడుపొచ్చింది.

"ఏడిస్తే బతుకుతాయా? షెడ్డు గోడ వెనక మనం వేసిన ఎరువుమట్టి ఉందిగా, పట్టండి గోనె" అంది భార్య. సాయంత్రానికి మొక్కలన్నీ గోడ వెనక మట్టిలో నిలబడ్డాయి. వారం రోజులు తలలు వాల్చాయి, తర్వాత ఒక్కొక్కటే లేచాయి. ఒక్కటీ చావలేదు.

రెండు నెలలు గడిచాయి. ఆఫీసరు రాలేదు, ప్రారంభోత్సవం వచ్చింది. డైరెక్టరుగారు పెళ్ళి పందిళ్ళు అలంకరించేవాళ్ళ దగ్గర్నుంచి ప్లాస్టిక్ టమాటా మొక్కలు తెప్పించి గొట్టాల నిండా గుచ్చారు.

మంత్రిగారు ఒక ఆకు నిమిరారు. "ఎంత గట్టిగా ఉందో చూడండి! అదీ ఆరోగ్యమంటే" అన్నారు. ఒక కాయ పట్టుకుని లాగారు, రాలేదు. "చూశారా, మట్టిలో కాసింది ముట్టుకుంటే రాలిపోతుంది. ఇందులో నిబద్ధత ఉంది" అన్నారు. విలేకర్లు రాసుకున్నారు. అంతటితో ఆగితే బాగుండేది. ఆయన ఒక కాయ తిని చూస్తానన్నారు.

డైరెక్టరుగారు మేస్త్రిని పక్కకి లాగి, "నా పరువు కాపాడు బాబూ, ఎక్కడైనా నాలుగు కాయలు దొరుకుతాయా?" అన్నారు.

"గోడ వెనక ఉన్నాయి సార్."

"ఏం ఉన్నాయి?"

"మీ ప్రయాణంలో ఉన్న మొక్కలు."

పళ్ళెంలో కాయలొచ్చాయి. మంత్రిగారు కెమెరాల ముందు కొరికి, కళ్ళు మూసుకుని, "మట్టి వాసన లేశమైనా లేదు!" అన్నారు. చప్పట్లతో షెడ్డు దద్దరిల్లింది.

జనం తేనీటి బల్లల వైపు కదిలాక ఆయన మేస్త్రి భుజం మీద చెయ్యి వేశారు.

"నేను రైతుబిడ్డనోయ్. నోట్లో పెట్టగానే తెలీదూ? ఎక్కడ కాశాయో చూపించు."

మేస్త్రి గోడ వెనక్కి తీసుకెళ్ళాడు. విరగకాసిన మొక్కల మధ్య మంత్రిగారు గొంతుక్కూర్చుని, గుప్పెడు మట్టి తీసి, నలిపి, వాసన చూశారు. చాలాసేపు లేవలేదు. మేస్త్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఎంత పెద్దవాడైనా మట్టి తెలిసిన మనిషి, ఇక వీటికి భయం లేదనుకున్నాడు.

"బంగారంలా ఉందోయ్" అన్నారు మంత్రిగారు చేతులు దులుపుకుని.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. డ్రైవరు కాగితం చూపించాడు. మంత్రిగారి పెరట్లో వాళ్ళావిడ కూరపాదులు వేస్తున్నారట, గోడ వెనక మట్టి మొత్తం ఎత్తుకు రమ్మన్నారట.

"మరి మొక్కలో?" అన్నాడు మేస్త్రి.

"మొక్కలొద్దన్నారు. మీకు గొట్టాలున్నాయి కదా."

కూలీలు పారలు దించుతున్నారు. మేస్త్రి భార్య మొదటి పాదు దగ్గర కూర్చుంది, ఎంత పిలిచినా లేవలేదు. కాసేపు చూసి డ్రైవరే వచ్చి, "కాస్త పక్కకి జరుగమ్మా, మంత్రిగారి మట్టి తొక్కుతున్నావు" అన్నాడు.