కొమ్ముల మనిషి కాపలా

గుండప్పకు ఆ తేదీ బాగా గుర్తు. జూన్ పద్నాలుగు. ఆ పొద్దున ఆయన రాగిరొట్టె, శెనగవిత్తుల చట్నీ తిన్నారు. రొట్టె ఒకవైపు మాడింది. అయినా కూతురు చేసింది గనుక ఇంకొకటి అడిగి పెట్టించుకున్నారు. భార్య అక్కమ్మ పోయాక ఆ ఇంట్లో రొట్టె మాడిన వాసన రావడం కూడా ఒక భాగ్యమే.

చైత్ర బెంగళూరు ఉద్యోగం మానేసి, సొంతూరు చింతామణిలో తండ్రి తాళ్ళ అంగడి పక్కనే జిమ్ము పెట్టింది. పేరు 'వైకింగ్', ఒకప్పటి యూరపు సముద్ర యోధుల పేరు. ఆ సాయంత్రమే ప్రారంభం.

“ఈ కాలం పిల్లోళ్ళకు వైకింగంటే శానా పిచ్చి నాయనా. మొబైల్ ఆటల్లో వాడే, టీషర్టుల మీద వాడే, గడ్డం నూనె సీసాల మీదా వాడే. నలుగురు చేరినా చాలు. ఎవురూ చేరకపోతే మళ్ళా బెంగళూరు బస్సెక్కాల్సిందే.”

ఆ మాటకు గుండప్ప చేతిలోని రొట్టె ముక్కను పళ్ళెంలో పెట్టేశారు.

కాసేపటికి ఆటోలో ఒక పెద్ద ఫైబర్ తల దిగింది. ఎర్ర గడ్డం, ఉరిమే గుడ్లు, ఇనుప టోపీకి రెండు కొమ్ములు. “వాకిలి పైన తగిలించు నాయనా” అని చెప్పి చైత్ర కాలేజీ దగ్గర కరపత్రాలు పంచడానికి వెళ్ళిపోయింది.

కొమ్ములు, కోపం, వాకిలి పైన. గుండప్పకు సందేహమేమీ కలగలేదు. కూతురికి ఇంత ఆచారం తెలుసా అని మురిసిపోయారు. అక్కమ్మ ఉంటే ఎలా చేసేదో గుర్తు చేసుకుని, గడ్డానికి నల్లతాడు కట్టి, నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, పటిక, చివరగా తన పాత చెప్పుల జతలో ఒకటి వేలాడదీశారు.

ఎదురుగా ఇల్లు కట్టిస్తున్న సులోచనమ్మ రోడ్డు దాటి వచ్చింది.

“ఏమప్పా గుండప్పా, ఇంత రోషమైన దిష్టిబొమ్మ యాడ దొరికింది? నా బొమ్మను చూస్తే కాకులు కూడా బెదరవు. నిన్న మేస్త్రి నిచ్చెన మీదనుంచి పడినాడు. రేపు పైకప్పు వేస్తాండారు. ఇది నాకియ్యప్పా.”

అక్కమ్మ పోయిన నెలంతా సాంబారు పంపిన మనిషి ఆమె. గిన్నెలు కూడా తిరిగి అడగలేదు. పైగా, ఇంకా ఒక్కరూ చేరని జిమ్ముకు దిష్టి ఎక్కడినుంచి తగులుతుంది?

“తీసుకో అమ్మా” అన్నారు.

మేస్త్రులు తలను ఎదురింటి స్తంభానికి కట్టారు. అక్కడినుంచి దించిన పాత బొమ్మను గుండప్ప జిమ్ములో ఒక మూల పెట్టించారు.

నాలుగింటికి చైత్ర తిరిగి వచ్చింది.

“నాయనా, వైకింగ్ యాడ?”

“ఎవురమ్మా ఆయప్ప?”

చైత్ర ఖాళీ మేకును చూసింది. తర్వాత రోడ్డు అవతలికి చూసింది. అక్కడ వైకింగ్ చెప్పుతో సహా వేలాడుతూ బస్సులను బెదిరిస్తున్నాడు.

తలను తిరిగి ఇమ్మంటే సులోచనమ్మ ససేమిరా అంది. “పైకప్పు వేయకముందే దిష్టిబొమ్మను దించితే ఇంటికి కీడు తల్లీ.”

“అది దిష్టిబొమ్మ కాదత్తా, వైకింగ్!”

“ఎవురైతే ఏమి? వాడు ఎక్కినప్పటినుంచీ ఒక్క మేస్త్రీ పడలేదు.”

చైత్ర మెట్ల మీద కూర్చుండిపోయింది. “అయిపోయింది నాయనా. రేపటి బస్సే.”

గుండప్పకు తోచింది ఒక్కటే. మూలనున్న పాత బొమ్మను తెచ్చి ఆ మేకుకే తగిలించారు. బారెడు మీసం, వేలాడే నాలుక, రెండు కొమ్ములు. చైత్ర ముఖం కప్పుకుంది.

అప్పుడే కాలేజీ పిల్లలు బైకులు దిగారు.

“లే మచ్చా, మీసాల వైకింగ్‌రా!”

“నాలుక చూడ్రా, సూపర్‌గా ఉండాడు!”

సెల్ఫీలకు వరుస కట్టారు. చరిత్ర చదివే అంబరీష్ మాత్రం చైత్ర దగ్గరికి వచ్చాడు. “అక్కా, నిజం వైకింగులకు కొమ్ములు లేవు కదా?”

“లేవప్పా” అంది చైత్ర నీరసంగా. “నాటకాలోళ్ళు పెట్టినవి.”

“అంటే కొమ్ములు మనోడివే! నా పేరు రాసుకో అక్కా.”

ఫొటోలు ఫోన్లెక్కాయి. దీపాలు పెట్టేవేళకు బాగేపల్లి నుంచి కూడా ఇద్దరు వచ్చి పేర్లు రాయించారు. చివరికి సులోచనమ్మే వచ్చి, “మోకాళ్ళ నొప్పి తగ్గుతాదంటే ఆడోళ్ళకూ ఒక పూట పెట్టు తల్లీ” అంది.

అందరూ వెళ్ళాక చైత్ర అడిగింది. “నాయనా, రేపు కూడా రాగిరొట్టేనా?”

బస్సు మాట ఎత్తలేదు. గుండప్పకు అది చాలు.

ఇప్పుడిక దిష్టి తగలదగ్గ జిమ్మే గనుక, ఆయన జతలో మిగిలిన చెప్పును మీసాల బొమ్మకు కట్టి, చప్పుడు కాకుండా తలుపు మూశారు.