నవ్వించని గ్యాసు

మెకానిక్ భార్య ఉదయం ఆరింటికే సంచి సర్దడం మొదలుపెట్టింది. అతను వెళ్ళేది రెండు రోజులకే. అయినా నాలుగు చొక్కాలు, రెండు తువ్వాళ్ళు, దగ్గు మందు, ఒక దుప్పటి పెట్టింది. బరువైన సంచి మోసేవాడు దూరం పోలేడని ఆమె నమ్మకం.

పాత విమానాశ్రయం మైదానంలో కార్ల పోటీ ఉంది. అతను తీసుకెళ్ళేది తను పనిచేసే షెడ్డు యజమాని కారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజిన్‌ను విప్పకుండా, మామూలు ఇంజిన్‌గానే ఉంచి, నైట్రస్ గ్యాసు ఎక్కించి పరుగెత్తించాలి. "ఇంజిన్ చెక్కుచెదరకుండా వెనక్కి తెచ్చావంటే ఇంజిన్ గది నీదే" అన్నాడు యజమాని. పదకొండేళ్ళుగా అతను ఆయిలే మారుస్తున్నాడు. ఇంజిన్లు విప్పి బాగుచేసే ఆ గదిలో పెద్దమేస్త్రి ఉంటాడు. పని నేర్పిందీ ఆయనే, గది గడప తొక్కనివ్వనిదీ ఆయనే.

భార్య సంచి చేత్తో పట్టుకునే వాకిట్లోకి వచ్చింది. అతను కారు బానెట్ కింద తలపెట్టి ఉన్నాడు.

"ఇంతకీ ఆ గ్యాసు ఏం చేస్తుంది?"

"ఇంజిన్‌కి ఊపిరి పోస్తుంది. ఊపిరి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుస్తుంది. గ్యాసు పెరిగినప్పుడు పెట్రోలూ పెరగాలి. పెరగలేదో, పిస్టన్ కరిగి కూర్చుంటుంది."

"మరి ఈ ముసలి ఇంజిన్ తట్టుకుంటుందా?"

"అందుకే గ్యాసు చిమ్మే జెట్టు అన్నిట్లోకీ చిన్నది పెట్టా. త్వరగా వేడెక్కని ప్లగ్గులు వేశా. నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేట్టు చేశా. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే తప్ప గ్యాసు రాదు."

"తొందరపడి ముందే వదిలితే?"

"ఇంజిన్ నిదానంగా తిరిగేటప్పుడు వదిలితే పేలుతుంది."

"జనాన్ని నవ్వించే గ్యాసు ఇదేనటగా?"

"ఇదే. కానీ కార్లకిచ్చే దాంట్లో గంధకపు వాయువు కలుపుతారు, ఎవడూ సరదాకి పీల్చకుండా. పీలిస్తే నవ్వు రాదు, ఏడుపొస్తుంది."

అంతలో ఆమె తమ్ముడు గ్యాసు సీసా మోసుకొచ్చాడు. షెడ్డులో అతన్ని 'తొందర' అంటారు. సొంత పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడడు కూడా.

"బావా, ప్రెషర్ మీటరు ముల్లు ఆరొందల మీదే ఉంది. చలికి బిగుసుకుపోయింది."

"తొమ్మిదొందలు దాటాలి. వెచ్చబెట్టే పట్టీ షెడ్డులో ఉంది, వెళ్ళేటప్పుడు తీసుకుందాం. నిప్పు దగ్గరికి మాత్రం పోనీకు."

నిప్పు వద్దన్నారు గాని నీళ్ళు వద్దనలేదు కదా అనుకున్నాడు తొందర. అక్క స్నానానికి మరగబెట్టిన నీళ్ళు బాత్రూంలో పొగలు కక్కుతున్నాయి. సీసాను అందులో కూర్చోబెట్టి, తల దువ్వుకోవడానికి పోతూ, "అక్కా, ఆ సీసా కాస్త చూస్తుండు" అన్నాడు. ఆమె వెళ్ళి చూసింది. సీసా ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. నిశ్చింతగా వచ్చి సంచి మూతి కట్టసాగింది. ముల్లు చూడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ముల్లు తొమ్మిదొందలు దాటింది. రెండువేలూ దాటింది. ఇక ఆగలేక సీసా మెడ దగ్గరి రక్షణ బిళ్ళ ఢామ్మని పగిలింది. సీసా పేలకుండా కాపాడటమే ఆ బిళ్ళ ఉద్యోగం. అది నిజాయితీగా చేసింది. తెల్లటి పొగ బాత్రూం నిండి, వంటింట్లోకి వచ్చి, ముగ్గురినీ వీధిలోకి తరిమింది.

పై వాటాలో ఉండే ఇంటి యజమానురాలు బాల్కనీలోంచి తొంగిచూసింది. మెకానిక్ ధారగా కన్నీళ్ళు కారుస్తున్నాడు. భార్య సంచి గుండెలకు హత్తుకుని వెక్కుతోంది. బావమరిది దగ్గు ఆగక వంగి వంగి బావ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఏమైందే తల్లీ? అతను వెళ్తున్నాడా?"

భార్య మాట పెగలక తల ఊపింది. వెళ్ళాల్సినవాడే కదా.

"పదకొండేళ్ళ కాపురం. ఆ పిల్లాడు కాళ్ళు పట్టుకున్నా కరగలేదే ఈ మనిషి" అనుకుంటూ ఆవిడ లోపలికెళ్ళి షెడ్డు యజమానికి ఫోన్ చేసింది. "మీ మెకానిక్ సంచి సర్దుకుని పోతున్నాడు నాయనా. మీ కారులోనే."

పది నిమిషాల్లో యజమాని రొప్పుతూ వచ్చాడు.

"పక్కవీధి షెడ్డువాడు ఏం ఆశపెట్టాడయ్యా నీకు? ఇంజిన్ గదేనా?"

"కాదు సార్, సీసా..."

"సీసా సంగతి తర్వాత. వెళ్ళనని చెప్పు ముందు."

"ఎలా వెళ్తాను సార్? మొత్తం ఖాళీ అయిపోయింది."

మనసు ఖాళీ అయిందంటున్నాడని యజమాని బాధపడ్డాడు. కిటికీలోంచి ఇంకా సన్నగా వస్తున్న గంధకం ఆయన కళ్ళనూ వదల్లేదు. ఆయన ఏడవడం చూసి పైన ఇంటావిడ నిజంగానే ఏడ్చింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ జేబులోంచి ఇంజిన్ గది రెండో తాళంచెవి తీసి మెకానిక్ చేతిలో పెట్టాడు. "పోటీ లేదు, ఏమీ లేదు. సోమవారం నుంచి గది నీది. పెద్దాయనకి నేను చెప్తా."

సోమవారం మెకానిక్ వెళ్ళేసరికి పెద్దమేస్త్రి పనిముట్లన్నీ తుడిచి, పొడుగువారీగా పేర్చి ఉంచాడు.

"బల్ల ఎడమ కాలు పొట్టి. కింద చెక్కముక్క పెట్టు" అన్నాడు.

"మీరూ ఇక్కడే ఉండాలి మేస్త్రీ. నాకింకా అడగాల్సినవి బోలెడున్నాయి."

"అడుగుదువుగానిలే. టీ తాగొస్తా."

అప్పుడు ఉదయం తొమ్మిదింబావు. పెద్దమేస్త్రి మళ్ళీ రాలేదు.