చలి పడని మంచు యంత్రం

ఆ ఉదయం ఖాజా మొహిద్దీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అతను ముత్తుకూరు దారిలోని రొయ్యల కోల్డ్ స్టోరేజీకి సూపర్‌వైజరు. గదిని చల్లగా ఉంచకుండా కరెంటు మిగుల్చుకుంటున్నారని ఎవరో పుణ్యాత్ముడు ఫిర్యాదు పెట్టాడు. పది గంటలకు ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు. ఆయన అనుమతి రద్దు చేస్తే ఖాజా ఉద్యోగం ఊడినట్టే. ఆలోగా నేల మీద పేరుకున్న మంచును కొత్త యంత్రంతో ఎత్తిపోసి, గదిని అద్దంలా చూపించాలి.

ఆ యంత్రం మంచు కురిసే దేశాల్లో వాకిళ్ళు శుభ్రం చేసేది, బ్యాటరీతో నడిచేది. పాత సామాన్ల అంగట్లో కనబడితే యజమానురాలు సుభాషిణిని బతిమాలి మరీ కొనిపించాడు. నెల్లూరు ఎండలో పుట్టి పెరిగినవాడికి తెలిసిన సత్యం ఒక్కటే: ఏదైనా వేడికి చెడుతుంది, ఐసులో నిలుస్తుంది. అందుకే నిండా చార్జి చేసిన బ్యాటరీని ముందురోజే రొయ్యల పక్కన ఐసులో భద్రంగా దాచాడు.

తొమ్మిదింటికి స్విచ్చి నొక్కితే యంత్రం ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. బ్యాటరీ వేడెక్కిందేమోనని ఎలక్ట్రీషియన్ శివ అనుమానపడ్డాడు. ఇద్దరూ కలిసి దాని మీద ఇంకో గంపెడు ఐసు పోశారు. ఈసారి ఆ మూలుగు కూడా లేదు.

టిఫిను తెచ్చిన ఆమినాబీ భర్త అవస్థ చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"చలికి మీ మోకాళ్ళే లెయ్యవు గదా, అది మాత్రం ఎట్టా లేస్తాది?"

బ్యాటరీని తుడిచి, వేడి కిచిడీ క్యారియరుకు ఆనించి, అతని శాలువా చుట్టింది. పావుగంటలో దానికి ప్రాణం లేచొచ్చింది. యంత్రం గదిలో గర్జిస్తూ మంచును ఎగజిమ్ముతుంటే ఖాజా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సరిగ్గా అప్పుడే ఆఫీసరు జయరామయ్య లోపలికొచ్చాడు.

ఆయన మెరిసే నేలను చూడలేదు. వంగి, యంత్రం మీది చీటీ చదివాడు.

"సున్నాకు పది డిగ్రీలు దిగువైతే ఇది పనిచెయ్యదని రాసుండాది. మీ గోడ మీటరేమో పద్దెనిమిది దిగువ అంటా ఉంది. నేను దేన్ని నమ్మాలయ్యా?"

పొద్దుటినుంచీ నడవమని మొక్కిన ఖాజా, ఇప్పుడు ఆగిపొమ్మని మొక్కడం మొదలుపెట్టాడు. తనే ఆపితే మోసమంటాడు. కిచిడీ సంగతి చెబితే నమ్మేదెవరు?

"కాసేపు ఉండండి సార్, చచ్చిపోతాది," అన్నాడు దీనంగా.

నాలుగు నిమిషాలు నాలుగు యుగాలుగా గడిచాయి. యంత్రం దగ్గింది, వణికింది, ఆగింది. ఆఫీసరు తన చేత్తో మళ్ళీ మళ్ళీ నొక్కి చూశాడు. ఉలుకూ పలుకూ లేదు. ఖాజా, శివ ఒకరినొకరు వాటేసుకున్నారు. పళ్ళు టకటకలాడుతుండగా జయరామయ్య గది చల్లగానే ఉందని రాసి సంతకం పెట్టాడు.

సాయంత్రం ఖాజా స్టోరేజీ అంతా మిఠాయి పంచాడు. ఎందుకని అడిగినవాళ్ళకు, యంత్రం పనిచెయ్యలేదని సగర్వంగా చెప్పాడు.