మంత్రిగారి అవతారానికి కళ్లజోడు

వచ్చే వంద రోజుల్లో వర్చువల్ లోకంలో కళ్లజోడు లేని మనిషి ఒక్కరు కూడా ఉండకూడదని ప్రజాదృష్టి శాఖ మంత్రిగారు ప్రకటించారు. చరిత్రలో ఏ ప్రభుత్వమూ ఇంతవరకు ఇటువైపు చూడలేదని, చూడాలంటే దూరదృష్టి ఉండాలని, అది తనకు పుట్టుకతోనే వచ్చిందని కూడా సవినయంగా తెలియజేశారు. పత్రికలు ఆ వార్తను మొదటి పేజీ నిండా వేసుకున్నాయి. ప్రభుత్వ కంటి ఆస్పత్రిలో అద్దాలు కోసే యంత్రం ఆగిపోయి ఎనిమిది నెలలైందన్న వార్తకు ఏడో పేజీలో, తప్పిపోయిన కుక్కపిల్ల ప్రకటన పక్కన, కాస్త చోటు దొరికింది.

ఈ రెండు వార్తలనూ ఒకే పొద్దున చదివినవాళ్లలో మూడున్నర ఒకతె.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయే దశకు వచ్చారు. వర్చువల్ లోకంలో, అంటే జనం ఇంట్లో తెర ముందు కూర్చుని తమ బదులు ఒక బొమ్మను తిప్పుకునే లోకంలో, ఆ బొమ్మను అవతారం అంటారు. అవతారాలు పెట్టుకునే ఫ్యాషన్ కళ్లజోళ్లను ఆమె డిజైన్ చేస్తుంది. ఇతరులు చేసినవాటికి రివ్యూలు రాస్తుంది. తల తిప్పితే కాడ చెవిలోంచి దూరి అవతలికి పొడుచుకొస్తోందా, నవ్వితే ఫ్రేము బుగ్గలో మునిగిపోతోందా, నాలుగు గోడల మధ్య నిలబడ్డా అద్దంలో నీలాకాశం మెరుస్తోందా అని ఒళ్లంతా కళ్లు చేసుకుని చూస్తుంది. ఐదు నక్షత్రాలకు మూడున్నర మించి ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు. సొంత డిజైన్లకైతే మూడే.

ఆమె ఉండేది అన్నావదినల దగ్గర. అన్నయ్య పంతొమ్మిదేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్నాడు. ఈమధ్య ఎదురుగా వచ్చే బస్సు నంబరు ఆనడం లేదు. వచ్చే నెలాఖరులోగా ప్రజాదృష్టి శాఖ వారి కళ్లజోడు, దాని సర్టిఫికెట్టు తెచ్చి చూపించాలని, లేకపోతే స్టీరింగు దింపి బస్సులు కడిగే పనిలో వేస్తామని డిపో నుంచి కాగితం వచ్చింది. బయట కొన్న కళ్లజోడు చెల్లదు. అన్నయ్య శాఖకు అర్జీ పెట్టుకుని అప్పటికి ఏడు నెలలు.

"వస్తుందిలేవే. పరిశీలిస్తున్నామని రాశారుగా," అనేవాడు.

"కళ్లజోడు లేకుండా వాళ్లు మాత్రం ఎలా పరిశీలిస్తారు?" అనేది వదిన.

ప్రకటన వచ్చిన నాలుగో రోజున మంత్రిగారి పీఏ వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మంత్రిగారు నిలబడి ఉన్నప్పుడు తను కూర్చోనన్నాడు. మంత్రిగారు ఆ సమయంలో మరో ఊళ్లో నిలబడి ఉన్నారట.

"అమ్మా, సారు అవతారానికి కళ్లజోడు కావాలి. మీరే డిజైన్ చెయ్యాలి. మీరే రివ్యూ రాయాలి."

"నేను చేసినదానికి నేనే రివ్యూ రాసుకుంటే ఏం బాగుంటుందండీ?"

"ఎందుకు బాగుండదు? మా శాఖ పనితీరు మీద నివేదిక మా శాఖే రాసుకుంటుంది. చదివితే కళ్లు చెమరుస్తాయి."

మూడున్నర నోటు పుస్తకం తెరిచింది. "పవర్‌ని బట్టి అద్దం మందం గీస్తానండీ. సారుకి పవర్ ఎంత?"

పీఏ వెన్ను నిటారుగా అయింది. "ఫుల్ పవరమ్మా. ప్రభుత్వంలో రెండో స్థానం ఆయనదే."

"అది కాదండీ. కంటికి."

"ఓహ్, కంటి సంగతా? అది మా శాఖ పరిధిలోకి రాదు."

మూడున్నర తలుపు వైపు చూసింది. డ్యూటీ నుంచి వచ్చిన అన్నయ్య గడపను కాలితో తడుముకుని లోపలికి వస్తున్నాడు. ఆమె గొంతు తగ్గించి అంది: "చేస్తానండీ. నాకు వేరే ఏమీ వద్దు. మా అన్నయ్య అర్జీ మీ దగ్గర ఏడు నెలలుగా ఉంది. అదొక్కటి కదిలించండి."

"కదిలిందనుకోండి," అన్నాడు పీఏ.

నమూనా ఖరారు చేయడానికి పదకొండు మందితో కమిటీ వేశారు. ఒక రిటైర్డ్ జడ్జి, ఒక టెన్నిస్ కోచ్, మంత్రిగారి బావమరిది, మరో ఎనిమిది మంది మేధావులు. కంటి డాక్టరును కూడా పిలుద్దామని ఎవరో అన్నారు గానీ, ఈ విషయంలో ఆయనకు స్వార్థం ఉండే ప్రమాదముందని మానుకున్నారు.

పొడవాటి బల్ల చివర, గోడ మీద తెరలో, మంత్రిగారి అవతారం నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతోంది. అది మంత్రిగారికన్నా ఇరవై ఏళ్లు చిన్నది, ముప్పై కేజీలు తేలిక.

"ఫ్రేము చూడగానే సారు పేదల పక్షమని తెలియాలి," అన్నాడు జడ్జి.

"తెలియాలి గానీ, పేదగా కనపడకూడదు," అన్నాడు బావమరిది.

"అద్దం నల్లగా ఉండాలి. సారు ఎటు చూస్తున్నారో ప్రతిపక్షానికి అంతు పట్టకూడదు."

"నలుపంటే ఎలా? పారదర్శకత మన పార్టీ నినాదం."

"అయితే నల్లటి పారదర్శకత," అన్నాడు పీఏ. మూడున్నర రాసుకుంది.

అన్నిటికీ ఒప్పుకుని మూడు వారాలు గీసి, ఆమె కళ్లజోడు తయారుచేసింది. తీరా పెట్టబోతే అది అవతారం ముఖం మీద నిలవలేదు. మంత్రిగారి సతీమణి సూచన మేరకు అవతారం ముక్కును బాగా సన్నం చేశారట. కళ్లజోడు ముఖానికి రెండంగుళాల ముందు గాలిలో తేలుతూ ఉండిపోయింది.

"ముక్కు కాస్త పెంచితే కూర్చుంటుందండీ," అంది మూడున్నర.

"అది మేడమ్‌గారు ఖాయం చేసిన ముక్కు," అన్నాడు పీఏ మెల్లగా.

గంటన్నర చర్చించారు. చివరకు అంతవరకు నోరు విప్పని టెన్నిస్ కోచ్ లేచాడు. "ముందుకుంటే ఏమైంది? సారు చూపు ఎప్పుడూ కళ్లకంటే రెండంగుళాలు ముందే కదా ఉంటుంది!"

చప్పట్లు మోగాయి. తీర్మానం ఏకగ్రీవమైంది. కోచ్‌ను అక్కడికక్కడే కమిటీకి అధ్యక్షుడిని చేశారు.

మూడున్నర రివ్యూ రాయడానికి కూర్చుంది. అన్నయ్య అర్జీ గుర్తొచ్చింది. నాలుగు నక్షత్రాలు పెట్టబోయింది, చెయ్యి రాలేదు. "కాడలు నాజూకుగా ఉన్నాయి. రంగు బాగుంది. కళ్లకూ కళ్లజోడుకూ మాత్రం సంబంధం లేదు," అని రాసి రెండున్నర ఇచ్చింది. ఇక ఆ అర్జీ చెత్తబుట్టలోకేనని ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

శాఖ వారు ఏమాత్రం నొచ్చుకోలేదు. ఇకపై నక్షత్రాల గరిష్ఠ సంఖ్య రెండున్నర అని మర్నాడే ఉత్తర్వు వెలువడింది. ఐదు నక్షత్రాల హోటళ్లు మిగిలిన రెండున్నరను వారంలోగా శాఖకు అప్పగించాలని కూడా అందులో ఉంది. "రెండున్నరకు రెండున్నర! కఠిన విమర్శకురాలి నిండు దీవెన!" అని కూడళ్లలో మంత్రిగారి బోర్డులు లేచాయి.

ఆ వారంలోనే అన్నయ్య ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఫోనును దూరం పెట్టి, దగ్గర పెట్టి, చివరకు వదిన చేతికిచ్చాడు.

"అభినందనలు. మీ కళ్లజోడు మీకు అందినది," చదివింది వదిన. తర్వాత బల్ల మీద చూసింది, తలుపు వెనక చూసింది. "ఎక్కడ అందిందండీ?"

మర్నాడు అన్నాచెల్లెళ్లు శాఖ కార్యాలయానికి వెళ్లారు. గుమాస్తా చాలా మర్యాదస్తుడు. తన తెరను వాళ్ల వైపు తిప్పాడు. అందులో కోటు వేసుకున్న ఒక మీసాల మనిషి, సన్నటి బంగారు రంగు ఫ్రేములోంచి చిరునవ్వు నవ్వుతున్నాడు.

"ఎవరండీ ఈయన?" అన్నాడు అన్నయ్య.

"మీరే."

"నేనెప్పుడు అందులోకెళ్లాను?"

"మీకు శ్రమెందుకని మేమే తీసుకెళ్లాం."

అన్నయ్య తెరకు ముక్కు ఆనించి చూశాడు. "బాగున్నాడు పాపం. మరి నాకో?"

"ఇద్దరిదీ ఒకటే అర్జీ నంబరండీ. ఒక అర్జీకి ఒక కళ్లజోడు. తమ్ముడు లాంటివాడు పెట్టుకున్నాడనుకోండి, మనసు కుదుటపడుతుంది," అంటూ గుమాస్తా సర్టిఫికెట్టు మీద టక్కున ముద్ర కొట్టి ఇచ్చాడు.

మూడున్నర తెర వైపు వంగి చూసింది. ఆ బంగారు ఫ్రేము ఆమె పాత డిజైన్లలో ఒకటి.

డిపో డాక్టరు సర్టిఫికెట్టును వెలుతురుకు పట్టి చూసి, "చూపు దివ్యంగా ఉంది," అని రాసేశాడు.

"గోడ మీద అక్షరాలు చదవమనలేదేంటండీ?" అడిగాడు అన్నయ్య.

"సర్టిఫికెట్టు నేను చదివాను కదయ్యా. ఇద్దరూ చదవాలా?"

ఇంటికొచ్చి అన్నయ్య కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద కలపలేదు. "దారిలో ఉన్నది మనిషో, మనిషి నీడో తెలియట్లేదే. నిన్నటిదాకా బస్సులు కడగమంటారేమోనని భయం. ఇప్పుడు నడపమంటున్నారు. వెనక అరవై మంది కూర్చుంటారు."

మూడున్నర అతన్ని కంచం ముందు నుంచి లేపింది. చెయ్యి పట్టుకుని బజారులో ఉన్న కళ్లజోళ్ల షాపుకు తీసుకెళ్లింది. షాపాయన అద్దాలు మార్చి మార్చి చూపించి, మర్నాడు సాయంత్రానికి సీసా అడుగంత మందం అద్దాలతో, మొద్దు నల్ల ఫ్రేముతో కళ్లజోడు తయారుచేసి ఇచ్చాడు. వర్చువల్ లోకంలో ఎవరైనా అలాంటిది తెస్తే ఆమె అర నక్షత్రం కూడా ఇచ్చేది కాదు. అన్నయ్య దాన్ని పెట్టుకుని గుమ్మంలో నిలబడి వీధి ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. తర్వాత చెల్లెలి వైపు తిరిగాడు.

"నీకు తెల్లవెంట్రుక ఎప్పుడొచ్చిందే?" అన్నాడు.

డిపో మేనేజరు మాత్రం ఒప్పుకోలేదు. "రికార్డు ప్రకారం నీకు కళ్లజోడు ఉంది. మళ్లీ ఇంకోటి పెట్టుకున్నావంటే శాఖ ఇచ్చింది పనిచెయ్యట్లేదని అర్థం వస్తుంది. అర్థాలు రానివ్వకు. జేబులో పెట్టు." అన్నయ్య జేబులో పెట్టుకున్నాడు. కడుపునొప్పి అని చెప్పి పది రోజులు సెలవు పెట్టాడు.

పదకొండో రోజున శాఖ వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. పథకంలో లక్షో లబ్ధిదారుడు అన్నయ్యేనట. అతను నడిపే బస్సులో స్వయంగా మంత్రిగారే ప్రయాణం చేస్తారట.

డిపోను పూలతో, జెండాలతో ముంచెత్తారు. మూడున్నరకు డిజైనరు హోదాలో డ్రైవరు వెనక రెండో వరసలో సీటు ఇచ్చారు. మంత్రిగారు మొదటి వరసలో కూర్చున్నారు. కిటికీల నిండా కెమెరాలు.

"ఈ సోదరుడి కళ్లలో వెలుగు చూడండి!" అన్నారు మంత్రిగారు మైకులో. "ఇతను నడుపుతుంటే నేను కళ్లు మూసుకుని కూర్చుంటాను!"

జనం చప్పట్లు కొట్టారు. అన్నయ్య బస్సు స్టార్ట్ చేశాడు. బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా వెనక్కి తిరిగాడు.

"అయ్యా, ఒక్క మాట. ఎదర అంతా పొగలాగా ఉంది. తమరిచ్చిన కళ్లజోడుతో నడపమంటారా, మా చెల్లెలు కొనిచ్చింది జేబులో ఉంది, దాంతో నడపమంటారా?"

మంత్రిగారి నవ్వు కెమెరాల కోసం అలాగే ఉంది. కళ్లు మాత్రం కదిలాయి. గేటు చూశాయి, గేటు పక్క కరెంటు స్తంభాన్ని చూశాయి, రోడ్డు మీద లారీలను చూశాయి. ఆయన మైకును అరచేత్తో గట్టిగా మూసి ముందుకు వంగారు.

"జేబులోది తియ్యి నాయనా. త్వరగా."

బస్సు ఊరంతా చుట్టి, చిన్న గీత కూడా పడకుండా తిరిగి వచ్చింది. మంత్రిగారు చెప్పినట్టు కళ్లు మూసుకోలేదు గానీ, ఆ విషయం ఎవరూ రాయలేదు. మర్నాడు పత్రికలన్నింట్లో ఒకటే ఫోటో: ముందు మొద్దు కళ్లజోడుతో అన్నయ్య, వెనక చెయ్యి ఊపుతూ మంత్రిగారు. కింద "శాఖ ఇచ్చిన చూపు" అని రాశారు.

వారం తిరక్కుండా శాఖ నుంచి రెండు కవర్లు వచ్చాయి. అన్నయ్య రెండింటినీ తనే చదువుతానని పట్టుబట్టి, కళ్లజోడు సర్దుకుని కూర్చున్నాడు. మొదటిది చెల్లెలికి. ఫోటోలోని కళ్లజోడు ముఖానికి ఎంతో చక్కగా అతికిందని, ఇది శాఖ సాధించిన అపూర్వ విజయమని, ఆమెను ఉత్తమ డిజైనరుగా సన్మానిస్తామని ఉంది. రెండోది అతనికి. విధుల్లో ఉండగా అనుమతి లేని కళ్లజోడు ధరించినందుకు సస్పెండ్ చేస్తున్నామని, రుజువుగా ఫోటో జతచేశామని ఉంది.

రెండు కవర్లలోనూ అదే ఫోటో.

"ఎవరండీ సంతకం పెట్టింది?" అడిగింది వదిన.

అన్నయ్య రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని చూశాడు.

"జేబులోది తియ్యమన్నాయనే," అన్నాడు.